కొడుకే తండ్రి, తండ్రే కొడుకు: దిగువ కృష్ణా తెర కుటుంబాల విశేషాలు

‘మనం’ సినిమా రెండుమూడు సార్లు చూసినవాళ్లలో కూడా చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. అందులో నాగార్జున పాత్ర పేరు నాగేశ్వరరావు. నాగచైతన్య పాత్ర పేరు నాగార్జున. అక్కినేని నాగేశ్వరరావు పాత్ర పేరు చైతన్య. ఇంట్లోని మూడు తరాల పేర్లూ తీసుకుని ఒకరిది ఇంకొకరికి పెట్టేశారు. వరసలూ అలాగే తిరగబడ్డాయి. కథలో నాగార్జునకు తండ్రి నాగచైతన్య, అక్కినేనికి తండ్రి నాగార్జున. తొంభైకి చేరువైన పెద్దాయన, యాభై దాటిన సొంత కొడుకులో చిన్నప్పుడు పోయిన నాన్నను చూసుకుని కళ్లనీళ్లు పెట్టుకుంటాడు. హాల్లో జనం నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నారంటే కారణం ఈ తారుమారే.

కథ నిజానికి ఒక తగాదాతో మొదలవుతుంది. రాధామోహన్, కృష్ణవేణి ప్రేమించి పెళ్లి చేసుకున్న జంట. నాగచైతన్య, సమంత వేశారు. పిల్లవాడు పుట్టాక మాటామాటా పెరిగి విడాకుల దాకా వెళ్తారు. ఆ కోపం చల్లారకముందే కారు ప్రమాదంలో ఇద్దరూ పోతారు. మిగిలిన పసివాడే పెరిగి పెద్దవాడై, బాగా డబ్బున్న నాగేశ్వరరావు అవుతాడు. ఒకరోజు విమానంలో అచ్చం తండ్రిలాంటి కుర్రాడు కనిపిస్తాడు. తర్వాత అమ్మలాంటి అమ్మాయీ కనిపిస్తుంది. ఇక ఆయన పనంతా ఆ ఇద్దరినీ కలపడమే. సూటు వేసుకున్న పెద్దమనిషి కాలేజీ వయసు పిల్లల వెనకాల తిరుగుతూ, ప్రేమగా చూస్తూ, వాళ్లు తిట్టుకుంటే బెంబేలెత్తిపోతూ ఉంటే నవ్వు రాక మానదు. ఆ నవ్వు అడుగున ఉన్నదేమో అమ్మానాన్నా మళ్లీ మాట్లాడుకుంటే చాలనుకునే ఆరేడేళ్ల పిల్లవాడి ఆశ. అమ్మాయికి పోయిన జన్మ గుర్తుకొచ్చినప్పుడు ప్రేమ కంటే ముందు ఆనాటి కోపం తిరిగొస్తుంది. కొడుకును మాత్రం గుండెకు హత్తుకుంటుంది. ఇంత సున్నితమైన కట్టు తెలుగు సినిమాలో తరచుగా దొరకదు.

దర్శకుడు విక్రమ్ కుమార్. ‘మనం’కు రెండేళ్ల ముందు ‘ఇష్క్’ తీసిన మనిషి. ఆయన అల్లిన కథ ఎంత చిక్కుగా ఉంటుందంటే, వరస కాగితం మీద రాసుకుంటే తప్ప పక్కవాళ్లకు చెప్పలేం. తెర మీద చూస్తుంటే మాత్రం చిన్నపిల్లలకు కూడా తికమక రాదు. ముఖాలు మనకు ముందే తెలిసినవి కావడం అందుకు పెద్ద సాయం. ఎవరు ఎవరికి నిజంగా ఏమవుతారో తెలిసిన ప్రేక్షకుడికి, కథలో ఏమవుతున్నారో పోల్చుకోవడం తేలిక.

ఆఖరి గొంతు

2013 అక్టోబరులో అక్కినేని విలేకరులను పిలిచి, తనకు క్యాన్సర్ వచ్చిందని తానే చెప్పారు. దాపరికం లేదు, బేలతనం లేదు. తన పాత్రకు తన గొంతే ఉండాలని పట్టుబట్టి, ఇంట్లోనే ఏర్పాట్లు చేయించుకుని డబ్బింగ్ పూర్తి చేశారు. 2014 జనవరి 22న కన్నుమూశారు. సినిమా మే 23న విడుదలైంది. మనవడు అఖిల్ చివర్లో కొన్ని క్షణాలే కనిపిస్తాడు, కానీ గడియారపు స్తంభం దగ్గర మళ్లీ జరగబోతున్న ప్రమాదాన్ని ఆపేది ఆ కుర్రాడే. పాత తరం చేసిన తప్పును కొత్త తరం చేతుల మీదుగా సరిదిద్దించడం కథకుడి నేర్పు. కోడలు అమల కూడా ఒక సన్నివేశంలో మెరుస్తారు. అమితాబ్ బచ్చన్ తెలుగు తెర మీద మొదటిసారి కనిపించింది కూడా ఇందులోనే.

ఆ ఏడాది తెలుగులో ఉత్తమ చిత్రంగా ఫిల్మ్‌ఫేర్ అందుకున్నదీ ఇదే. దర్శకుడి బహుమతి కూడా విక్రమ్ కుమార్‌కే దక్కింది.

బొంబాయిలో, అమెరికాలో

ఇంటిల్లిపాదీ కలిసి నటించడం కొత్త కాదు. 1971లో రణధీర్ కపూర్ ‘కల్ ఆజ్ ఔర్ కల్’ తీశాడు. తాత పృథ్వీరాజ్, తండ్రి రాజ్ కపూర్, మనవడు తానే. తాతకూ మనవడికీ పడదు, మధ్యలో తండ్రి నలిగిపోతాడు. మరుసటి ఏడాదే పృథ్వీరాజ్ పోయారు. 2007లో వచ్చిన ‘అప్నే’లో ధర్మేంద్ర, సన్నీ, బాబీ తండ్రీకొడుకులుగానే కనిపించారు.

అమెరికాలో 1981లో ‘ఆన్ గోల్డెన్ పాండ్’ వచ్చింది. హెన్రీ ఫోండా, కూతురు జేన్ ఫోండా అందులో ఎడమొహం పెడమొహంగా ఉండే తండ్రీకూతుళ్లు. తండ్రితో చేయడానికే ఆ నాటకం హక్కులు జేన్ కొన్నది. ఆయనకు జీవితంలో మొదటి నటుడి ఆస్కార్ దాంతోనే వచ్చింది, కొద్ది నెలలకే 1982 ఆగస్టులో కన్నుమూశారు. 2003లో ‘ఇట్ రన్స్ ఇన్ ది ఫ్యామిలీ’లో కిర్క్ డగ్లస్, మైకేల్, కామెరాన్ మూడు తరాలుగా నటిస్తే, కిర్క్ భార్యగా వేసింది డయానా డగ్లస్. మైకేల్ కన్నతల్లి ఆవిడే. ఆమెకూ కిర్క్‌కూ విడాకులై అప్పటికి యాభై ఏళ్లు దాటింది.

వీటన్నిటిలోనూ తండ్రి తండ్రిగానే, కొడుకు కొడుకుగానే ఉన్నారు. ‘మనం’ ఆ వరసను తిప్పేసింది. అందుకే నా దృష్టిలో అది వాటికంటే ఒక మెట్టు పైనే ఉంటుంది. కొడుకులో నాన్నను చూసుకోవడం మన ఇళ్లలో కొత్త సంగతి కాదు. మనవడికి తాత పేరు పెట్టుకుని, ఆ పేరుతో కసరలేక ‘నాన్నా’ అని పిలిచే ఇళ్లు గుడివాడ చుట్టుపక్కల ఎన్నో. కథ అక్కడినుంచే వచ్చినట్టుంటుంది.

ఒక తాలూకా, రెండు ఊళ్లు

అక్కినేని పుట్టింది గుడివాడ దగ్గరి రామాపురంలో, 1924 సెప్టెంబరు 20న. ఎన్టీఆర్ పుట్టింది పామర్రు దాపున నిమ్మకూరులో, 1923 మే 28న. రెండూ పాత గుడివాడ తాలూకా పల్లెలే. ఏడాదిన్నర లోపు తేడాతో పుట్టిన ఇద్దరు రైతుబిడ్డలు తెలుగు తెరను దశాబ్దాలు ఏలారు, ఇద్దరూ సొంత పిల్లల్ని తమతోపాటు కెమెరా ముందుకు తెచ్చారు. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు విజయవాడ కేంద్రంగా ఎన్టీఆర్ జిల్లా ఏర్పడింది గానీ, నిమ్మకూరు మాత్రం కృష్ణా జిల్లాలోనే ఉండిపోయింది. గుడివాడలో అక్కినేని పేరు కాలేజీ రూపంలో నిలిచి ఉంది.

తండ్రీ తమ్ముడూ

1975లో వచ్చిన ‘అన్నదమ్ముల అనుబంధం’ చిన్నప్పుడే విడిపోయిన ముగ్గురు అన్నదమ్ముల కథ. హిందీ ‘యాదోం కీ బారాత్’కి తెలుగు రూపం. పెద్దన్న ఎన్టీఆర్, నడిపివాడు మురళీమోహన్, చిన్నవాడు బాలకృష్ణ. అంటే కన్నకొడుకే కథలో తమ్ముడు! ఒక పాట ఆనవాలుగా ముగ్గురూ కలుసుకునే ఘట్టం చూస్తున్నప్పుడు జనం ఈ లెక్క మరిచిపోయి ఏడ్చారు.

కృష్ణా నదికి అవతలి ఒడ్డున, తెనాలి దగ్గరి బుర్రిపాలెం వాసి, నటుడు కృష్ణ కూడా ఇదే పని చేశారు. 1988లో ‘ముగ్గురు కొడుకులు’ తీసి, సొంత కొడుకులు రమేష్ బాబు, మహేష్ బాబు తనకు తమ్ముళ్లుగా నటించేలా చేశారు.

కర్ణుడికి అర్జునుడు ఏమవుతాడు?

తెలుగువాళ్లకు తెలిసిన అతిపెద్ద చీలిన కుటుంబం భారతంలోదే. 1977 సంక్రాంతికి విడుదలైన ‘దానవీరశూరకర్ణ’లో ఎన్టీఆర్ కర్ణుడు, దుర్యోధనుడు, శ్రీకృష్ణుడు మూడూ తానే వేశారు, దర్శకత్వమూ ఆయనదే. అర్జునుడిగా హరికృష్ణ, అభిమన్యుడిగా బాలకృష్ణ. ఇప్పుడు వరసలు చూడండి. కర్ణార్జునులు ఒకే తల్లి బిడ్డలు, ఆ సంగతి కర్ణుడికి తెలిసీ, అర్జునుడికి తెలియకుండా ఒకరి ప్రాణం ఒకరు తీయడానికి బాణాలు ఎక్కుపెట్టిన అన్నదమ్ములు. తెర మీద ఆ అన్న ఎన్టీఆర్, ఆ తమ్ముడు ఆయన కన్నకొడుకు. కొడుకు బాణానికి తండ్రి రథం దగ్గర ఒరిగిపోతాడు. ఆ కొడుకు రథం మీద సారథిగా, కృష్ణుడి వేషంలో, మళ్లీ ఆ తండ్రే కూర్చుని ఉంటాడు. బాలకృష్ణ, హరికృష్ణ బయట అన్నదమ్ములు, కథలో తండ్రీకొడుకులు. నాలుగు గంటలకు పైగా నడిచే ఆ సినిమాలో సంభాషణలు కంఠతా వచ్చినవాళ్లు ఊరూరా ఉన్నారు గానీ, ఈ ఇంటి ముడిని విప్పి చూసినవాళ్లు తక్కువ.

అందులో భీముడు కైకాల సత్యనారాయణ. ఆయనది గుడ్లవల్లేరు దగ్గరి కౌతవరం. గుడివాడ కాలేజీలోనే చదువుకున్నారు.

ఆ తర్వాత ఎన్టీఆర్ తీసిన ‘అక్బర్ సలీం అనార్కలి’లో తండ్రి మీద తిరగబడిన కొడుకు కథ. అక్బరుగా తాను, సలీముగా బాలకృష్ణ. 1955 నాటి ‘అనార్కలి’లో సలీము వేసింది ఎవరో కాదు, అక్కినేని. అక్బరు ఎస్వీ రంగారావు. ఆయన పుట్టింది నూజివీడులో.

గుండమ్మ ఇంట్లో అందరూ మనవాళ్లే

1962 జూన్ 7న విడుదలైన ‘గుండమ్మ కథ’లో ఎన్టీఆర్, అక్కినేని రక్తసంబంధం లేని బయటివాళ్లు, కథలో అన్నదమ్ములు. ఎన్టీఆర్‌కు నూరవ చిత్రం, అక్కినేనికి తొంభై తొమ్మిదవదని చెబుతారు. సవతి కూతురిని పనిమనిషిని చేసిన ఇంటిని నవ్విస్తూ నవ్విస్తూ దారికి తెచ్చే కథ. ఇక్కడ బంధుత్వం కంటే ఊరి సంబంధం చూడాలి. దర్శకుడు కమలాకర కామేశ్వరరావుది బందరు. అక్కడి ‘కృష్ణాపత్రిక’లో సినిమా సమీక్షలు రాసి పేరు తెచ్చుకున్న మనిషి. పాటలు రాసిన పింగళి నాగేంద్రరావు బందరులో పెరిగినవాడు. సంగీతం ఘంటసాలది, ఆయన పుట్టింది గుడివాడ దగ్గరి చౌటపల్లిలో. ఇద్దరు హీరోలు గుడివాడ తాలూకా వాళ్లు, తండ్రి వేషం వేసిన రంగారావుది నూజివీడు. మద్రాసులో తీసిన సినిమా అన్నమాటే గానీ, సెట్టు మీద వినిపించిన యాసలో సగం కృష్ణా జిల్లాదే అయి ఉంటుంది.

బందరు తండ్రీకొడుకులు

తండ్రీకొడుకులు కలిసి సినిమా చేయడం తెలుగు సినిమా పుట్టుకతోనే ఉంది. తెలుగు సినిమాకు పితామహుడని మనం చెప్పుకునే రఘుపతి వెంకయ్యనాయుడు బందరులో (మచిలీపట్నం) పుట్టారు. మద్రాసులో ఫొటో స్టూడియో పెట్టి, ఆపైన సినిమా హాళ్లు కట్టి, కొడుకు ప్రకాశ్‌ను సినిమా విద్య నేర్చుకు రమ్మని విదేశాలకు పంపారు. 1921లో వచ్చిన మూకీ ‘భీష్మ ప్రతిజ్ఞ’ ఆ చదువు ఫలం. డబ్బు తండ్రిది, దర్శకత్వం కొడుకుది, భీష్ముడి వేషమూ కొడుకే వేశాడు. తండ్రి సుఖం కోసం రాజ్యాన్నీ పెళ్లినీ వదులుకున్న కొడుకు కథను, తండ్రి పెట్టుబడితో కొడుకు తీశాడు. ఇవాళ చూద్దామంటే ఆ సినిమా దొరకదు. బందరు వాళ్లు మనసులో పెట్టుకోవాల్సిన బాధ ఇది.

భామ అలిగితే

సినిమా రాకముందు సంగతి కూడా కొంచెం చెప్పుకోవాలి. నిమ్మకూరుకు ఎంతో దూరం లేదు కూచిపూడి. మొవ్వ మండలంలోని ఆ ఊళ్లో వేదాంతం, వెంపటి, చింతా, పసుమర్తి వంటి కొద్ది ఇళ్లవాళ్లే తరతరాలుగా మేళాలు కట్టుకుని ఆడారు. స్త్రీ వేషాలూ మగవాళ్లే వేసేవారు. కాబట్టి రంగం మీద మొగుడూపెళ్లాలుగా నిలబడ్డవాళ్లు తెల్లారాక చూస్తే దాయాదులో, మామా అల్లుళ్లో అయ్యేవాళ్లు. వాళ్ల ‘భామాకలాపం’ కథేమిటి? మాటపట్టింపుతో మొగుడికి దూరమైన సత్యభామ, మాధవి చేతికి లేఖ ఇచ్చి రాయబారం పంపడం. మాధవి హాస్యం, భామ విరహం ఒకే పళ్లెంలో వడ్డిస్తారు. వేదాంతం సత్యనారాయణ శర్మ జడ విసిరితే ఆడవాళ్లే ముక్కున వేలేసుకునేవారు.

ఆ ఊరివాడే వేదాంతం రాఘవయ్య. ‘దేవదాసు’, ‘అనార్కలి’, ‘సువర్ణసుందరి’ ఆయన దర్శకత్వంలో వచ్చినవే, మూడింటిలోనూ హీరో అక్కినేని.

దివిసీమ కోసం పట్టిన జోలె

1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమ మీద విరుచుకుపడింది. వేలమంది పోయారు. ఎన్టీఆర్, అక్కినేని మిగతా నటులతో కలిసి ఊరూరా తిరిగి విరాళాలు పోగుచేశారు. ఆ ఘట్టాన్ని 2019 జనవరిలో వచ్చిన ‘ఎన్టీఆర్ కథానాయకుడు’లో మళ్లీ చూపించారు దర్శకుడు క్రిష్. అక్కడ ఎన్టీఆర్‌గా కొడుకు బాలకృష్ణ, అక్కినేనిగా మనవడు సుమంత్. పక్కపక్కన నడుస్తున్న ఇద్దరూ తమ పెద్దవాళ్లు ఒకప్పుడు నడిచిన నడక నడుస్తున్నారు.

అదే సినిమాలో హరికృష్ణ పాత్ర వేసింది ఆయన కొడుకు కల్యాణ్‌రామ్. అంటే తన తండ్రిగా తానే నిలబడి, సొంత బాబాయిని ‘నాన్నగారూ’ అని పిలవాలి. హరికృష్ణ 2018 ఆగస్టు 29న రోడ్డు ప్రమాదంలో పోయారు. ఐదు నెలలు తిరగకుండానే ఆ బిడ్డ తండ్రి వేషంలో తెర మీదకు వచ్చాడు. రెండో భాగం ‘మహానాయకుడు’లో చైతన్యరథం నడిపే హరికృష్ణా అతనే. నటన ఎంత, నిజం ఎంత అని గీత గీయడం అక్కడ నా వల్ల కాదు.

నాగచైతన్య కూడా 2018లో ‘మహానటి’లో కొద్దిసేపు తాతగారై కనిపించాడు.

మేనమామ, మొగుడూపెళ్లాం, పెద్ద బంగార్రాజు

2019లోనే రెండు సంగతులు. ఏప్రిల్‌లో ‘మజిలీ’ వచ్చింది. అప్పటికి పెళ్లయిన నాగచైతన్య, సమంత ఒకే ఇంట్లో ఉంటూ దూరదూరంగా బతికే భార్యాభర్తలుగా చేశారు. విశాఖపట్నం కథ. డిసెంబరులో ‘వెంకీమామ’. వెంకటేశ్ నిజంగానే నాగచైతన్యకు మేనమామ, సినిమాలోనూ మేనమామే. జాతకం బాగాలేదని తాత కాదన్న పిల్లవాడిని మామ పెంచి పెద్దచేస్తాడు. ఇంటి బంధుత్వాన్ని ఉన్నది ఉన్నట్టు వాడుకున్న సినిమా అది. బాగానే ఉంటుంది, ‘మనం’ ఎత్తుకు చేరదు.

2016 నాటి ‘సోగ్గాడే చిన్నినాయనా’లో విడాకులకు సిద్ధమైన కొడుకూ కోడళ్లను కలపడానికి చచ్చిపోయిన తండ్రి ఆత్మ దిగివస్తుంది. తండ్రీ కొడుకూ రెండూ నాగార్జునే. దాని తరువాయిగా 2022 సంక్రాంతికి ‘బంగార్రాజు’ వచ్చేసరికి నాగచైతన్య చేరాడు, కొడుకుగా కాదు, మనవడిగా. ‘మనం’లో నాన్నకు నాన్న అయిన కుర్రాడు ఇందులో నాన్నకు మనవడయ్యాడు.

నాగార్జున పసివాడిగా తండ్రి సినిమాల్లో కనిపించినవాడే. ‘సుడిగుండాలు’లో ఉన్నాడు. అఖిల్ అయితే ఏడాది నిండీ నిండకుండానే 1995 నాటి ‘సిసింద్రీ’లో హీరో. హరికృష్ణ కూడా 1967లో ‘శ్రీకృష్ణావతారం’లో చిన్నికృష్ణుడు.

చెదిరిన ఇంటి కథకు బంధువులే ఉండాలన్న నియమమేమీ లేదు. 1991 నాటి ‘సీతారామయ్యగారి మనవరాలు’లో అక్కినేనికి మనవరాలు మీనా, అసలు చుట్టరికం లేదు. కొడుకుతో మాటలు మానేసిన ఆ పెద్దాయన బెట్టు, ఆ పిల్ల ముందు కొంచెం కొంచెంగా కరిగే తీరు మరెవరి వల్లా కాదు. దాన్ని పక్కన పెట్టలేక ఈ మాట.

మీసాల నాగమ్మ, ఆడవేషాల నాగేశ్వరరావు

ఈ కుటుంబాల నట జీవితం మొదలైంది కెమెరా ముందు కాదు, నాటకాల చాపల మీద. అక్కినేని చిన్నతనంలో ఊరూరా ఆడవేషాలు వేశారు. విజయవాడ రైల్వే స్టేషన్లో ఘంటసాల బలరామయ్య కంట పడి మద్రాసు చేరి, 1944లో ‘సీతారామ జననం’తో హీరో అయ్యారు. ఎన్టీఆర్ విజయవాడ కాలేజీలో విశ్వనాథ సత్యనారాయణ చేయించిన నాటకంలో నాగమ్మ వేషం వేసి, మీసం తీయనంటే తీయనన్నారు. మీసాల నాగమ్మ అన్న పేరు అలా పడింది.

2024లో అక్కినేని శతజయంతికి పాత సినిమాలు పది ఎంచి, దేశంలో 31 ఊళ్లలో మళ్లీ ఆడించారు. ‘దేవదాసు’ నుంచి ‘మనం’ దాకా. ఆ సినిమాలు జాగ్రత్తపరిచేవాళ్లున్నారు కాబట్టి మిగిలాయి. ‘భీష్మ ప్రతిజ్ఞ’కు ఆ అదృష్టం లేకపోయింది. బందరు, గుడివాడ, అవనిగడ్డ చుట్టుపక్కల పల్లెల్లో తాతలు వేసిన పద్యనాటకాలకూ లేదు. మీ ఇంట్లో కిరీటం పెట్టుకున్న తాతయ్య ఫొటోయో, చీరకట్టులో ఉన్న ముత్తాత ఫొటోయో ఉంటే, ఈ సంక్రాంతికి అందరూ చేరినప్పుడు బయటికి తీయండి. నాటకం పేరు, వేషం, ఊరు, ఏడాది తెలిసిన పెద్దవాళ్లను అడిగి, ఫొటో వెనకాల పెన్సిల్‌తో రాసిపెట్టండి.